పిల్లలకు గోల్ఫ్ ఎలా మొదలుపెట్టించాలి: హోల్ దగ్గర్నుంచి వెనక్కి

పిల్లలకు గోల్ఫ్ నేర్పాలనుకునే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి: ఏ వయసులో మొదలుపెట్టాలి, ఏ క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) కొనాలి, స్వింగ్ (క్లబ్బును ఊపి బంతి కొట్టే తీరు) ఎలా నేర్పాలి. మొదటి రెండింటికీ జవాబు చెప్పడం తేలికే. చిక్కంతా మూడోదానితోనే, ఎందుకంటే స్వింగ్‌తో మొదలుపెట్టడమే అసలు పొరపాటు. పిల్లవాణ్ణి తిన్నగా డ్రైవింగ్ రేంజికి (బంతులు దూరంగా కొట్టడం సాధన చేసే చోటికి) తీసుకువెళ్లి, చేతికి పొడవాటి క్లబ్బు ఇచ్చి, గట్టిగా కొట్టమంటాం. పది బంతుల్లో ఏడు క్లబ్బుకు తగలనే తగలవు, తగిలిన మూడూ పక్కలకు పోతాయి, పదకొండో బంతి దగ్గర మన సలహాలు మొదలవుతాయి, ఇరవయ్యో బంతికి వాడు ఇంటికి పోదామంటాడు.

ఇక్కడ చెప్పే పద్ధతి దీనికి తలకిందులుగా సాగుతుంది. హోల్‌కు, అంటే బంతి పడవలసిన గుంటకు, రెండడుగుల దూరంలో మొదలుపెట్టి, బంతి లోపల పడటం అలవాటయ్యాక కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతూ, పూర్తి స్వింగ్‌ను అన్నిటికంటే ఆలస్యంగా నేర్పుతాం. నిజానికి నేర్పడం అనేది కూడా పెద్ద మాటే; చాలావరకు మీరు చేయవలసింది ఏర్పాట్లు చూసుకుని, నోరు కట్టుకుని పక్కన నిలబడటం.

వయసు గురించి దిగులు అక్కర్లేదు. టైగర్ వుడ్స్ 1978లో, రెండేళ్ల వయసులోనే టీవీ కార్యక్రమంలో బంతి కొట్టి చూపించాడు. అతనికి ముందు తరం గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ పదేళ్ల వయసులో మొదలుపెట్టాడు. మేజర్ టోర్నమెంట్ల (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద నాలుగు పోటీల) విజయాలు లెక్కిస్తే ఆలస్యంగా మొదలుపెట్టిన నిక్లాస్‌కే 18 ఉన్నాయి, వుడ్స్‌కు 15. పుట్టినరోజుల లెక్క కన్నా పనికివచ్చే పరీక్ష ఒకటుంది: ఆడుకుంటున్న పిల్లవాణ్ణి మీరు “ఆగు” అంటే, ఆ క్షణంలోనే ఆగుతున్నాడా? ఆగుతుంటే క్లబ్బు చేతికివ్వవచ్చు. లేకపోతే ఇంకో ఆరు నెలలు ప్లాస్టిక్ బొమ్మ సెట్టుతో ఆడనివ్వండి.

కావలసినవి

- పిల్లల ఎత్తును బట్టి తయారైన క్లబ్బులు: ఒక పటర్ (బంతిని నేల మీద దొర్లించేది), ఒక 7వ నంబరు ఐరన్ (బంతిని గాలిలోకి లేపి ముందుకు పంపేది), వీలైతే ఒక వెడ్జ్ (బంతిని తక్కువ దూరానికి ఎత్తుగా లేపేది). మొదటి ఏడాదికి ఇంతకు మించి అవసరం లేదు. నిబంధనల ప్రకారం ఒక ఆటగాడు 14 క్లబ్బుల వరకు తీసుకువెళ్లవచ్చు గాని, చిన్నపిల్లల భుజానికి అంత బరువు ఎందుకు?
- స్పాంజి బంతులు లేదా బోలుగా ఉండే ప్లాస్టిక్ బంతులు ఒక డజను, అసలు గోల్ఫ్ బంతులు ఆరు.
- కొన్ని టీలు (బంతిని నేలకు కాస్త పైన నిలబెట్టే చిన్న పుల్లలు), పాత తువ్వాలు ఒకటి, నేల మీద గుండ్రంగా పరచడానికి తాడు.
- జారని బూట్లు, టోపీ, మంచినీళ్లు. గోల్ఫ్ బూట్లు, గ్లవ్ ఇప్పుడే కొనవలసిన పని లేదు.

1. క్లబ్బు సరిపోతోందో లేదో చూడండి

పెద్దవాళ్ల పాత క్లబ్బును కోసి పొట్టి చేసి ఇవ్వడం అన్ని ఇళ్లలోనూ వచ్చే ఆలోచనే. నేనూ చేశాను. నా పాత 7వ నంబరు ఐరన్‌ను రంపంతో కోసి, పైన కొత్త గ్రిప్ (చేత్తో పట్టుకునే తొడుగు) తొడిగి మా అబ్బాయికి ఇచ్చాను. చూడటానికి ముచ్చటగానే ఉంది. వాడు వెనక్కి ఎత్తిన ప్రతిసారీ క్లబ్బు తల (కింది కొసన బంతికి తగిలే భాగం) బరువుకు అది భుజం మీదికి వాలిపోయేది. దాన్ని ముందుకు లాక్కురావడానికి వాడు నడుమంతా వంచేవాడు. రెండు నెలలపాటు వాడి నడుమును సరిదిద్దాలని చూశాను, తప్పు రంపానిదని తెలిసేసరికి ఆ వంకర అలవాటైపోయింది. కోస్తే పొడవు తగ్గుతుంది గాని తల బరువు తగ్గదు, షాఫ్ట్ (క్లబ్బు కాడ) మరింత బిగుసుకుంటుంది. పిల్లల క్లబ్బుల్లో తల తేలికగానూ, షాఫ్ట్ వంగేలాగానూ ఉంటాయి.

కొనేటప్పుడు వయసు చెప్పకండి, ఎత్తు కొలిచి చెప్పండి. తెచ్చాక ఈ రెండు పరీక్షలు చేయండి.

మొదటిది బరువు పరీక్ష. పిల్లవాడు ఒక చేత్తో గ్రిప్ చివర పట్టుకుని క్లబ్బును నేలకు సమాంతరంగా ముందుకు చాచి, లోపల పది అంకెలు లెక్కపెట్టాలి. పది పూర్తికాకముందే తల కిందికి వాలిపోతే ఆ క్లబ్బు బరువెక్కువ.

రెండోది పొడవు పరీక్ష. బంతి కొట్టడానికి నిలబడినట్టు నిలబెట్టి పక్కనుంచి చూడండి. గ్రిప్ పైకొస బొడ్డు ప్రాంతానికి గురిపెట్టి ఉండాలి. ఎదుగుతారు కదా అని కొంచెం పొడవైనది తీసుకుంటే, చేతులు కిందికి జరిపి పట్టుకోవచ్చు. అయితే చేతుల పైన మిగిలిన భాగం రెండంగుళాలు దాటకూడదు. దాటితే ఆ కొస పొట్టకు తగులుతుంది, దాన్ని తప్పించుకోవడానికి పిల్లవాడు మోచేతులు విచిత్రంగా వంచడం మొదలుపెడతాడు.

ఏ చేతి వాటం క్లబ్బు కొనాలో ముందే నిర్ణయించకండి. కర్రతో బంతి కొట్టమన్నప్పుడు వాళ్లంతట వాళ్లు ఎటువైపు నిలబడితే అదే వాటం. రాసే చెయ్యి దీనికి గుర్తు కాదు. పేరున్న గోల్ఫ్ ఆటగాడు ఫిల్ మికెల్సన్ మిగతా పనులన్నీ కుడిచేత్తోనే చేసుకుంటాడు. చిన్నతనంలో తండ్రికి ఎదురుగా నిలబడి, ఆయన స్వింగ్‌ను అద్దంలో చూసినట్టుగా అనుకరించి ఎడమచేతి వాటం ఆటగాడయ్యాడు. ఇందులో మీకు పనికివచ్చే విషయం ఒకటుంది: చేసి చూపించేటప్పుడు పిల్లలకు ఎదురుగా నిలబడితే వాళ్లు మిమ్మల్ని తిరగేసి అనుకరిస్తారు. వాటం మీకు, వాళ్లకు ఒకటే అయితే, వాళ్లను మీ వెనక, క్లబ్బుకు అందనంత దూరంలో నిలబెట్టి చూపించండి.

2. బంతి కన్నా ముందు భద్రత

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదని నిబంధన. ఆ కాస్త బరువూ గట్టిగా తగిలితే కన్ను పోవచ్చు. దానికన్నా ప్రమాదం క్లబ్బు తల. పిల్లల ఆటలో దెబ్బలు తగిలేది ఎక్కువగా పక్కవాడి క్లబ్బు వల్లే, అదీ సరదాగా ఊపుతున్నప్పుడు. కాబట్టి మొదటి రోజే మూడు కట్టుబాట్లు పెట్టండి, వాటిలో సడలింపు ఇవ్వకండి.

తాడును గుండ్రంగా పరిచి, ఆ గుండ్రంలో ఉన్నవాళ్లే క్లబ్బు ఎత్తాలని చెప్పండి. మిగతావాళ్లు నాలుగు క్లబ్బుల పొడవు దూరంలో, కొడుతున్నవాళ్ల ముందుకు ఎప్పుడూ రాకుండా నిలబడాలి. బంతులు ఏరుకోవడానికి అందరూ కొట్టడం పూర్తయ్యాక, క్లబ్బులు నేల మీద పెట్టి, మీరు చెప్పాకే కలిసి కదలాలి. బంతి ఎవరివైపైనా పోతే వెంటనే “ఫోర్” (గోల్ఫ్‌లో ‘జాగ్రత్త’ అనే కేక) అని గట్టిగా అరవాలి. ఆ కేక వినపడితే తిరిగి చూడకుండా తల వంచి చేతులతో కప్పుకోవాలి. ఇది పిల్లలకు మహా సరదాగా ఉంటుంది, నాలుగుసార్లు ఉత్తుత్తిగా ఆడించండి. ఉరుము వినిపిస్తే ఆట ఆపి భవనంలోకి వెళ్లిపోవాలి, చెట్టు కిందికి కాదు.

3. రెండడుగుల నుంచి పటింగ్

గ్రీన్ (హోల్ చుట్టూ గడ్డిని బాగా పొట్టిగా కత్తిరించిన చోటు) మీద హోల్‌కు రెండడుగుల దూరంలో బంతి పెట్టి, పటర్ ఇచ్చి, లోపలికి పంపమని మాత్రం చెప్పండి. ఎలా నిలబడాలో, ఎలా పట్టుకోవాలో ఇప్పుడు చెప్పకండి. బంతి అంచు దాటి లోపల పడి టక్కుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విన్న పిల్లవాడు మీ వంక చూడడు, వంగి బంతి తీసుకుని మళ్లీ అదే చోట పెట్టుకుంటాడు. గోల్ఫ్ మొదలైనట్టు మీకు తెలిసేది అక్కడే.

గ్రీన్ అందుబాటులో లేకపోతే ఇంట్లో తివాచీ చాలు. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు. ఆ కొలతతో కాగితం గుండ్రంగా కత్తిరించి నేల మీద అంటించండి. బంతి కాగితం మీదుగా దొర్లి, దాన్ని దాటాక ఒక అడుగు లోపలే ఆగితే, ఆ వేగానికి హోల్‌లో పడేదని లెక్క. గ్లాసును అడ్డంగా పడుకోబెట్టి అందులోకి కొట్టించేవాళ్లున్నారు. చప్పుడు కోసం అదీ బాగుంటుంది గాని, బంతి ఎంత వేగంగా వచ్చినా గ్లాసు పట్టేస్తుంది కాబట్టి వేగం మీద అదుపు రాదు. గ్లాసు రెండు రోజులు, ఆపైన కాగితం.

గురి కుదరడానికి హోల్‌కు ఎదురుగా, బంతికి చెరో పక్క పటర్ తల పట్టేంత సందుతో రెండు టీలు గుచ్చండి. పటర్ వాటికి తగలకుండా వెళ్లి రావాలి. తగిలితే మీరు చెప్పనక్కర్లేదు, టీ చెబుతుంది.

ఫలితం చూసుకోవడానికి పది బంతుల లెక్క పెట్టుకోండి. రెండడుగుల నుంచి పదింటిలో ఎనిమిది పడితే మూడడుగులకు, అక్కడ ఏడు పడితే ఐదడుగులకు జరగండి. ఐదు కన్నా తక్కువ పడుతుంటే మారుమాట లేకుండా ఒక మెట్టు ముందుకు రండి. వెనక్కి జరగాలన్న తొందర పెద్దవాళ్లకే ఎక్కువగా ఉంటుంది.

4. పట్టు: సరిపోయేంత మాత్రమే

గోల్ఫ్‌లో మూడు రకాల పట్లు వాడుకలో ఉన్నాయి. చిటికెన వేలిని మరో చేతి వేళ్ల మీద వేసేది ఒకటి, వేళ్లు పెనవేసేది ఒకటి, పది వేళ్లూ క్లబ్బు మీదే ఉండేది ఒకటి. చిన్న చేతులకు పది వేళ్ల పట్టే మంచిది. కుడిచేతి వాటం పిల్లలైతే ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద, రెండూ ఆనుకుని, సందు లేకుండా ఉండాలి. వేళ్లు పెనవేసే పట్టును వుడ్స్, నిక్లాస్ ఇద్దరూ వాడారు. పిల్లవాడు తనంతట తాను దానికి మారితే అడ్డుపడవద్దు.

చేతులు తారుమారు కావడం మొదటి నెలలో రోజూ జరుగుతుంది. గ్రిప్ పైభాగానికి ఒక రంగు టేపు, కింది భాగానికి ఇంకో రంగు టేపు చుట్టి, ఏ చేతికి ఏ రంగో చెప్పేస్తే మీ గొంతుకు కొంత విశ్రాంతి. బిగువు చూడటానికి, క్లబ్బు తల పట్టుకుని మెల్లగా లాగండి. కాస్త పట్టి ఉంచి వదలాలి. ఎంత లాగినా రాకపోతే మరీ బిగుతు, ముట్టుకోగానే వచ్చేస్తే మరీ వదులు.

5. చిప్పింగ్: బంతిని ఎత్తవద్దు

గ్రీన్ బయటినుంచి బంతిని చిన్న ఊపుతో దాని మీదికి చేర్చడమే చిప్పింగ్. ఇప్పుడు గ్రీన్ అంచుకు రెండు మూడు గజాల బయటికి రండి. ముందు క్లబ్బు లేకుండా, బంతిని చేత్తో కిందినుంచి విసిరించండి. గ్రీన్ మీద తువ్వాలు పరిచి, బంతి దాని మీద పడి హోల్ వైపు దొర్లేలా విసరమనండి. ఎక్కడ పడితే ఎంత దొర్లుతుందో చేతికి ఇట్టే తెలుస్తుంది. ఎంత వివరించినా మాటలతో తెలియదు. తరవాత 7వ నంబరు ఐరన్ ఇచ్చి, అదే తువ్వాలు మీద పడేలా, పటర్‌తో కొట్టినట్టే చిన్న ఊపుతో కొట్టమనండి.

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే, కాని అందరిలోనూ జరుగుతుంది. బంతి గాలిలోకి లేవాలి కాబట్టి దాన్ని తామే ఎత్తాలని పిల్లలు అనుకుంటారు. గరిటెతో తోడినట్టుగా మణికట్టు తిప్పి, బరువంతా వెనక కాలి మీద వేసి, ఒళ్లంతా పైకి లాగుతారు. ఫలితంగా క్లబ్బు బంతి వెనక నేలను తవ్వుతుంది, లేదా బంతి నెత్తిన తగిలి అది గ్రీన్ అవతలికి దూసుకుపోతుంది. క్లబ్బు ముఖం వాలుగా ఉన్నదే బంతిని లేపడానికి. మనం చేయవలసింది గడ్డిని తుడవడమే. ఈ మాట చెప్పి ఊరుకోకుండా, బంతి లేకుండా పదిసార్లు గడ్డిని “స్స్” మని తుడిపించండి. ఆ చప్పుడు ప్రతిసారీ ఒకే చోట వినిపించాలి. వినిపించాక, ఆ చోటికి బంతిని తెచ్చి పెట్టండి. బంతి కనబడగానే మళ్లీ తోడటం మొదలవుతుంది, కంగారు పడకండి. రెండుసార్లు గడ్డికి, ఒకసారి బంతికి అన్న వరసలో కొనసాగించండి.

ఇంకా కుదరకపోతే, వెనక పాదం మడమ ఎత్తి వేలి మొనల మీద నిలబెట్టి కొట్టించండి. బరువు ముందు కాలి మీదికి చేరక తప్పదు, తోడటానికి వీలుండదు.

పది బంతుల్లో ఆరు తువ్వాలు మీదో, దానికి అడుగు దూరంలోనో పడితే చాలు.

6. సగం స్వింగ్, ఆపైన పూర్తి స్వింగ్

రేంజికి వెళ్లేది ఇప్పుడు. బంతిని తప్పకుండా పొట్టి టీ మీద పెట్టండి. నేల మీదినుంచి కొట్టడం తరవాతి సంగతి. క్లబ్బును నడుము ఎత్తుకు తీసుకువెళ్లి, అవతలి పక్క కూడా నడుము ఎత్తుకు రానిస్తే సగం స్వింగ్ అవుతుంది. సగం స్వింగ్‌లో పది బంతులకు ఏడు తగిలాకే పైకి ఎత్తనివ్వండి. మొదట రెండు పాదాలూ దగ్గరగా పెట్టి కొట్టిస్తే, తూలకుండా ఎంత ఊపు తీసుకోవచ్చో ఒంటికే తెలుస్తుంది.

మీరు ఎదురుచూడవలసిన గుర్తు ముగింపు భంగిమ. బంతి కొట్టాక పిల్లవాడు ముందు కాలి మీద నిలబడి, వెనక మడమ పైకి లేచి, పొట్ట లక్ష్యం వైపు తిరిగి ఉండాలి. బంతి ఆగేదాకా ఆ బొమ్మలాగే కదలకుండా ఉండమనండి. ముగింపు సరిగ్గా నిలబడిందంటే మధ్యలో జరిగిన తప్పులు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. అలా నిలబడలేకపోతే శక్తికి మించి కొడుతున్నట్టు, సగానికి తగ్గించండి.

“తల కదపకు” అన్న సలహా మాత్రం ఇవ్వవద్దు. ప్రతి తండ్రీ ఇచ్చే సలహా ఇది, నేనూ ఇచ్చాను. తలను కదపకూడదన్న భయంతో పిల్లవాడు మెడ బిగించి, ఒళ్లు తిరగకుండా చేతులతోనే కొడతాడు. నిజానికి బంతి తగలకపోవడానికి కారణం సాధారణంగా పట్టు జారడమో, బంతికి దూరంగా నిలబడటమో అయి ఉంటుంది. ఒక పూటకు ఒక్క దిద్దుబాటు, అంతకు మించి వద్దు. అదీ మూడుసార్లు వరసగా అదే తప్పు కనిపించాకే.

ఆరేళ్లలోపు పిల్లలకు ఇరవై నిమిషాలు, పదేళ్లవాళ్లకు నలభై ఐదు నిమిషాలు చాలు. పూర్తి స్వింగులు ముప్పై నలభై దాటనివ్వకండి. ఎదిగే వెన్నుకు అదే పనిగా ఒకే వైపు మెలిక మంచిది కాదు. నడుము నొప్పి, మణికట్టు నొప్పి అంటే ఆ రోజుకు ఆపేయండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

7. మొదటిసారి గోల్ఫ్ కోర్సు (మైదానం) మీద

రద్దీ లేని సాయంకాలం మూడు హోల్స్ ఆడండి (మొదటి దెబ్బ నుంచి బంతి గుంటలో పడేదాకా ఒక హోల్ ఆడినట్టు). తొమ్మిది వద్దు, పద్దెనిమిది మాట తలపెట్టవద్దు. మొదటి దెబ్బ కొట్టే టీ దగ్గర్నుంచి కాకుండా, అక్కడినుంచి గ్రీన్ దాకా పరుచుకున్న గడ్డి దారి అయిన ఫెయిర్‌వే మధ్యలో, హోల్‌కు 50 గజాల దూరంలో బంతి పెట్టి మొదలుపెట్టనివ్వండి. అక్కడినుంచి ఐదు దెబ్బల్లో ముగించగలిగితే మరోసారి 75 గజాలకు, తరవాత 100 గజాలకు జరగండి. చిన్న పొడవు హోల్స్ మాత్రమే ఉండే కోర్సు దగ్గరలో ఉంటే అది ఇంకా మేలు.

ఇంటి నిబంధనలు కొన్ని ముందే చెప్పుకోండి. ఎనిమిది దెబ్బలకు పడకపోతే బంతి జేబులో వేసుకుని తరవాతి హోల్‌కు పోవాలి. ఇది పిల్లల కోసం కనిపెట్టిన వెసులుబాటేమీ కాదు, దెబ్బలకు గరిష్ఠ పరిమితి పెట్టి ఆడే పద్ధతి అసలు నిబంధనల్లోనే ఉంది. బంకర్‌లో (ఇసుక గుంటలో) పడితే ఒకసారి ప్రయత్నించి, రాకపోతే చేత్తో బయట వేసుకోవచ్చు. జెండా కర్రను తీయకుండా గ్రీన్ మీదినుంచి కొట్టడం 2019 నుంచి నిబంధనలకు లోబడినదే, కాని ఆ కర్రను తీసి పట్టుకునే ఉద్యోగం పిల్లలకు అన్నిటికంటే ఇష్టం, ఇచ్చేయండి.

మర్యాదల్లో మొదటి రోజుకు మూడు సరిపోతాయి: ఎదుటివాళ్లు కొడుతుంటే కదలకుండా, మాట్లాడకుండా ఉండటం, హోల్‌కు, వాళ్ల బంతికి మధ్య దారి తొక్కకపోవడం, బంకర్‌లో పడ్డ అడుగుల గుర్తులను చదును చేయడం. వెనక ఎవరైనా ఎదురుచూస్తుంటే పక్కకు జరిగి వాళ్లను ముందుకు పోనివ్వండి.

స్కోరు కార్డు మీద మొత్తం రాయకుండా, గ్రీన్ మీద పటర్‌తో ఒకే దెబ్బలో ముగించిన హోల్స్ ఎన్నో మాత్రం రాయించండి. రెండో నెలలో ఆ సంఖ్య పెరిగిందో లేదో చూస్తే, ఆట ఎటు పోతోందో మీకు తెలుస్తుంది. ఇంకో పరీక్ష ఇంటికి వెళ్లే దారిలో జరుగుతుంది. మీరేమీ అడగకుండా ఊరుకోండి. మళ్లీ ఎప్పుడు వస్తామని వాళ్లు అడిగితే మోతాదు సరిపోయినట్టు. అడగకపోతే మరుసటిసారి పది నిమిషాలు తగ్గించండి.

8. కోచ్ ఎప్పుడు?

సగం స్వింగ్ కుదిరి, పిల్లవాడు తనంతట తాను దూరం కొట్టాలని ఆశపడటం మొదలుపెట్టాక కోచ్ దగ్గరికి పంపవచ్చు. మీ ఇద్దరి మధ్యా బంతి దగ్గర వాదనలు జరుగుతుంటే అంతకన్నా ముందే పంపండి. ఒక్కరికే చెప్పే తరగతి కన్నా, నలుగురైదుగురు పిల్లలున్న తరగతి మొదట్లో మంచిది. చేర్పించే ముందు ఒక తరగతిని దూరంగా కూర్చుని చూడండి: అరగంటలో ఒక్కొక్క పిల్లవాడు బంతి ఎన్నిసార్లు కొట్టాడు, నిలబడి ఎంతసేపు విన్నాడు అన్నది లెక్కపెట్టండి. వినడమే ఎక్కువైతే ఇంకో తరగతి వెతకండి.